లువెండో మేయరమ్మకు ఆధారాలు

లివింగ్‌స్టన్
3 ఫిబ్రవరి 2014

అత్తయ్యకు, మోకాళ్లు నేలకానించి ముబాంగా చేసే వందనాలు.

మలేరియా మందులు మీ చెవుల్ని మింగేశాక ఫోను పనికిరాక మనిద్దరికీ ఉత్తరాలు మోసే ఈ బస్సు డ్రైవరే దిక్కయ్యాడు. అందుకే లావు అక్షరాలతో రాస్తున్నాను. కళ్లద్దాలు వెతుక్కోకండి, అవి ఎప్పట్లాగే నెత్తి మీదే ఉండి ఉంటాయి.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. ఇంటర్నెట్‌లో ఒక పెద్ద విజ్ఞానసర్వస్వం ఉంది. మా స్కూలు లైబ్రరీకి వచ్చి పిల్లలు ఏం అడిగినా చివరికి అందులోనే వెతుకుతాం. ప్రపంచంలో ఎవరైనా అందులో రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఒకసారి మన లువెండో గురించి చూశాను. నాలుగే వాక్యాలు. నది ఉంది, రైలు రాదు, చేపలు దొరుకుతాయి, వానాకాలం రోడ్డు తెగుతుంది. అంతే. ఆ ఊళ్లో మనుషులున్నట్టే లేదు. నాకు కడుపు మండి, క్రిస్మస్ సెలవుల్లో మీ మీద ఒక పేజీ రాశాను. "ఆస్ట్రిడా కలూబా: మంత్రసాని, లువెండో పట్టణానికి మొదటి మహిళా మేయరు. కలరా వచ్చిన ఏడాది చేపల బజారు మూయించి, కొండకింది పేటకు గొట్టాలతో మంచినీళ్లు తెప్పించారు." ఇలా ఓ పది వాక్యాలు.

మొన్న చూస్తే ఆ పేజీ నెత్తిన ఎర్ర గీతల పెట్టె ఒకటి కనిపించింది. ఈ పేజీని తీసేయాలా వద్దా అని చర్చ జరుగుతోందట. చర్చ పెట్టినాయన పేరు ఏటికొంగ. అక్కడ అందరివీ మారుపేర్లే. ఆయన రాసింది ఇది: "చిన్న పట్టణానికి మేయరుగా పనిచేసినంత మాత్రాన ఎవరికీ విజ్ఞానసర్వస్వంలో చోటు దక్కదు. ఈవిడ గురించి ఎవరైనా, ఎక్కడైనా రాశారా? నేనైతే పేరు కూడా వినలేదు."

యూరప్‌లో ఏదో జట్టులో రెండు ఆటలాడి బెంచీ మీద కూర్చున్న కుర్రాడికి అందులో పేజీ ఉంది, అత్తయ్యా! ఊరిని చావు నుంచి లాగిన మనిషికి ఉండకూడదా?

చర్చ వారం నడుస్తుంది. నా మాట చెల్లదు, మీ మాటా చెల్లదు. మనతో సంబంధం లేనివాళ్లు అచ్చువేసిన ఆధారం కావాలి. పాత పత్రికలేమైనా మీ పెట్టెలో ఉన్నాయా? త్వరగా చూడండి.

మీ కోడలు పిల్ల,
ముబాంగా

*

లువెండో
7 ఫిబ్రవరి

నా తమ్ముడి కూతురికి, పెళ్లి మాటెత్తితే ఊరు మారిపోయే మొండిఘటానికి,

ఉత్తరం అందింది. కళ్లద్దాలు నెత్తి మీద లేవు. వాటి మీదే కూర్చున్నాను, ఒక కాడ విరిగింది. దారంతో కట్టుకుని రాస్తున్నాను.

నాకెందుకే ఈ పేజీలూ అవీ? డెబ్బై దాటినదాన్ని. ఇంతకీ ఫోటో ఏది పెట్టావు? మేయరు గొలుసు వేసుకుని తీయించుకున్నదైతే వద్దు. అందులో నా మెడ కోడిమెడలా ఉంటుంది.

ఆ ఏటికొంగ ఏ వంశంవాడో కనుక్కో. నాకైతే చేప వంశంవాడనే అనిపిస్తోంది. మొసలి వంశపు ఆడదాన్ని పట్టుకుని, ముఖం మీదే "నువ్వెవరే, నీ పేరే వినలేదు" అనే హక్కు వేళాకోళం వరసైన చేపలకి కాక ఇంకెవరికుంది? పరాయివాడు అంత మాట అనడు. నేనిలా అన్నానని చెప్పు: "ఓరి చేపా, మా తాత మీ తాతను మింగినప్పుడు చెవులతో సహా మింగినట్టున్నాడు, అందుకే నా పేరు వినపడలేదు." ఏమంటాడో రాయి. ఇక్కడ లొంబే గారికి చెబితే దగ్గొచ్చేదాకా నవ్వాడు. చూపు పోయినా ఆయన నవ్వు పోలేదు. అప్పట్లో కౌన్సిల్ ఫైళ్లన్నీ చూసిన గుమాస్తా కదా, "మేయరమ్మా, మళ్లీ కేసు పడిందన్నమాట" అన్నాడు. ఎదురుగా కూర్చుని ఒక్కరే నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి పట్టేస్తున్నాలే.

పత్రికల సంగతి అడిగావు. మన ఊళ్లో చేతిమిషను మీద అచ్చయ్యే వారపత్రిక ఒకటుండేది. సంపాదకుడు పోయాక వాళ్లావిడ ఆ కట్టలన్నీ చేపల బజారులో అమ్మేసింది. నా గురించి రాసినవన్నీ ఎండుచేపలు చుట్టుకుని ఎప్పుడో ఊరు దాటిపోయాయి. మిషన్ చర్చి వాళ్ల కరపత్రాలు చెదలు తినేశాయి. నా దగ్గరున్న అచ్చుకాగితం బైబిలు ఒక్కటే, అందులో నా పేరు లేదు.

వేరుశనగ తొక్కి పంపుతున్నాను. డ్రైవరు దారిలో తినకుండా మూట గట్టిగా కట్టాను.

నీ మేనత్త,
ఆస్ట్రిడా కలూబా

*

లివింగ్‌స్టన్
11 ఫిబ్రవరి

అత్తయ్యా,

వేరుశనగలు సగమే చేరాయి. డ్రైవరుకు ముడి విప్పడం బాగా వచ్చు.

మీ మాట చర్చలో రాయలేదు. ఆయన వంశమేదో కనుక్కునే దారి అక్కడ లేదు. ఏ దేశంవాడో కూడా తెలీదు. వేళాకోళమే అనుకోండి, ఫర్వాలేదు.

చర్చను ఇంకో వారం పొడిగించారు. ఇప్పటిదాకా ఉంచమన్నవాళ్లు ఇద్దరు, అందులో ఒకదాన్ని నేను. మిగతా అందరూ తీసేయమనే అన్నారు. మర్యాదగానే అన్నారు, అదే బాధ. "ప్రతి చిన్న ఊరి మేయరుకూ పేజీ ఇచ్చుకుంటూ పోతే అది విజ్ఞానసర్వస్వం కాదు, టెలిఫోన్ డైరెక్టరీ అవుతుంది" అని ఒకాయన. "మా ఊరి మేయరు మా నాన్నే, ఆయనకూ పేజీ లేదు" అని ఇంకొకావిడ. నేను ఊరుకోలేదు. మీ ఊళ్లో మేయరు లేకపోయినా కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, మా ఊళ్లో ఆవిడ ఉండబట్టి వచ్చాయి అన్నాను. ఆవేశం బాగుంది, ఆధారం ఏదీ అన్నారు.

మీరెవరో తెలిసినవాళ్లు నలుగురు వచ్చి నాలుగు మాటలు రాస్తే ఎంత బాగుండు అనిపిస్తోంది. అందరూ నేనొక్కదాన్నే మిమ్మల్ని కలగన్నట్టు చూస్తున్నారు.

విరిగిన కాడ బాగుచేయించుకోండి.

ముబాంగా

*

లువెండో
17 ఫిబ్రవరి

నా ఒంటరి సిపాయికి,

నలుగురు కావాలన్నావు. నలుగురేం ఖర్మ! ఇవాళ మేమంతా ఊరేగింపుగా చిపాషా ఇంటర్నెట్ కొట్టుకు వెళ్లొచ్చాం. చిపాషా అంటే నీకు గుర్తుండదు, కొండకింది పేటవాడు, పోస్టాఫీసు పక్కన రెండు కంప్యూటర్లు పెట్టుకున్నాడు. పుట్టినప్పుడు అడ్డం తిరిగితే నేనే సరిచేసి లాగాను. "మీ పని అయ్యేదాకా కొట్టు మీదే" అన్నాడు.

లొంబే గారు వచ్చారు. పాస్టరు న్సోఫ్వా వచ్చారు. అప్పటి కౌన్సిలర్లలో మిగిలినవాళ్లు వచ్చారు. అందరికంటే ముందు కటోంగో వచ్చి కుర్చీ ఆక్రమించింది. ఆవిడ కలరా ముందు నుంచీ చేపలమ్మే మనిషి. నేను బజారు మూయించినప్పుడు మా గుమ్మంలోకొచ్చి మట్టెత్తిపోసింది. లొంబే గారు ఆ మాటే ఎత్తిపొడిచాడు.

"ఏమ్మా, ఆనాడు శాపనార్థాలు పెట్టిన నోటితోనే ఇప్పుడు సాక్ష్యం చెప్తావా?"

"అందుకే నా సాక్ష్యానికి విలువయ్యా! తిట్టినదాన్ని నేనే మంచిదంటుంటే ఇంకెవడు కాదంటాడు? రాయరా చిపాషా. బజారు మూసేసిందని ఈవిడ మీద నిప్పులు కురవాలన్నాను. పక్క ఊళ్లో బజారు మూయలేదు. అక్కడ మా అక్క పోయింది, ఇక్కడ నేను బతికాను. రాయి!"

అంతమంది ఒక్కసారే మాట్లాడితే పెదాలు అందవు కదా, చిపాషా కొట్టినదల్లా తెర మీద చదువుకున్నాను. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టి, ఒక్కొక్కరి మాటా వేరువేరుగా రాశాడు. పాస్టరు గారిది మరీ పొడుగైపోతే సగంలో ఆపించాం. అయ్యాక అందరం బయట మెట్ల మీద కూర్చుని కుండెడు పులిసిన ముంకోయో గంజి తాగాం. ఇంతమంది ఒకచోట చేరి చావులకి తప్ప ఎన్నాళ్లయిందో.

నిజం చెప్పనా? ఇన్నేళ్లూ వీళ్లు నన్ను మర్చిపోయారనుకున్నాను. ఒక్కొక్కరు చెబుతుంటే నేను చేసినవి నాకే కొత్తగా అనిపించాయి.

ఇంక ఆ కొంగ నోరు మూతబడ్డట్టే. గెలిచాక అతణ్ని మా ఊరు రమ్మను. చేప వండి పెడతాను, తన చుట్టాన్నే తినమంటాను.

నీ అత్త

*

లివింగ్‌స్టన్
21 ఫిబ్రవరి

అత్తయ్యా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఇప్పటికి రెండు కాగితాలు చింపాను.

మీరంతా రాసిన మాటలు కొట్టేశారు. చెరిపేయలేదు, ఒక్కో వాక్యం మీద అడ్డంగా గీత గీశారు. అన్నీ ఒకే చోటి నుంచి, ఒకే మధ్యాహ్నం, అదే రోజు పుట్టిన పేర్లతో వచ్చాయట. కాబట్టి అవి అంతమంది మనుషులు కావట, ఒకే మనిషి అన్ని ముసుగులేసుకుని రాసిందట. ఆ మనిషిని నేనేనని అనుమానం. నా మీద వేరే విచారణ పెట్టారు.

"వాళ్లు నిజం మనుషులు, ఆ ఊళ్లో రెండే కంప్యూటర్లున్నాయి" అని రాశాను. "మనుషులైనా సరే, చర్చకు జనాన్ని పోగేసుకురావడం కూడా తప్పే. ఇక్కడ తలలు లెక్కపెట్టరు, ఆధారాలు చూస్తారు" అన్నారు. కటోంగో గారు తన అక్క గురించి చెప్పిన మాట దగ్గర ఒకతను "కథ బాగా అల్లారు" అని రాశాడు. నాకు ఏడుపొచ్చింది.

తప్పు నాదే. నలుగురు రావాలని ఊరికే నోరు జారాను, మీరు నిజంగా తీసుకెళ్లారు.

అయినా వదలను. ఆ విచారణ తేలేదాకా చర్చ ముగించరట. స్కూలుకి సెలవు పెట్టి లుసాకా వెళ్తున్నాను. అక్కడి గ్రంథాలయంలో రాజధాని పత్రిక పాత సంచికలన్నీ ఉంటాయి. మీరు మేయరుగా ఉన్న ఏళ్లన్నీ పేజీ పేజీ తిరగేస్తాను. మీ పేరు ఎక్కడో ఒకచోట ఉండకపోదు.

అక్కడ వాళ్లకి ఈ సంగతి చెప్పకండి.

ముబాంగా

*

లువెండో
25 ఫిబ్రవరి

ముబాంగా తల్లీ,

చెప్పకుండా ఎలా ఉంటాను? రోజూ వచ్చి అడుగుతున్నారు. చెప్పాను.

పాస్టరు గారు ముసుగు అన్న మాటకి బాగా నొచ్చుకున్నారు. కటోంగో నమ్మలేదు. "నేను లేనంటాడా? వాణ్ని రమ్మను, నా చేపలబుట్ట నెత్తికెత్తి చూపిస్తాను, అప్పుడు తెలుస్తుంది ఉన్నానో లేనో" అని ఎగిరింది. లొంబే గారు మాత్రం మెల్లగా, "మనమంతా కలిపి ఒక్క మనిషట. పోన్లే మేయరమ్మా, ఆ ఒక్కటీ నువ్వే అనుకుంటే సరిపోతుంది" అన్నాడు. అది ఓదార్పో, ఎత్తిపొడుపో ఇప్పటికీ నాకు తేలలేదు.

వేళాకోళం కొంచెం శ్రుతి మించింది, ఆ కొంగతో చెప్పు. వరసైనవాళ్లు మనిషిని ఏమైనా అనొచ్చు, అసలు నువ్వే లేవని మాత్రం అనకూడదు.

నువ్వు లుసాకా వెళ్లి దేనికి కష్టపడటం? పత్రికల్లో ఏం ఉంటుంది? ఆ రోజుల్లో మన వైపు పత్రికవాళ్లే వచ్చేవాళ్లు కాదు. వెళ్లకపోతేనే మంచిది. బయల్దేరిపోయి ఉంటావు, నీ సంగతి నాకు తెలియదా.

ఒక కబురు. ఇప్పటి మేయరు మొన్న మా ఇంటికొచ్చాడు. నీకంటే ఓ పదేళ్లు పెద్దవాడేమో, టై కట్టుకున్నాడు. చేపల బజారుకి కొత్త పైకప్పు, నేలకి సిమెంటు, లోపలే కుళాయిలు వేయించారు. దానికి నా పేరు పెడతారట. నేను మూయించిన బజారుకి నా పేరేమిటని నవ్వాను. "అందుకేనమ్మా పెట్టేది" అన్నాడు. ఇంకా కౌన్సిల్లో తీర్మానం కావాలి. ఎవరికీ చెప్పొద్దన్నాను, పొద్దుటికి కటోంగోకి తెలిసిపోయింది.

లుసాకాలో జాగ్రత్త. సంచి ముందు వైపు వేసుకో.

నీ అత్త

*

లుసాకా
3 మార్చి

అత్తయ్యా, గెలిచాం!

మీ ఉత్తరం లివింగ్‌స్టన్ నుంచి స్నేహితురాలు ఇక్కడికి పంపితే ఇప్పుడే చూశాను. చేపల బజారు మాట చదివి, పక్కనున్న ముసలాయన ఉలిక్కిపడేలా అరిచాను.

ఇక్కడ రోజంతా దుమ్ములో కూర్చుని తుమ్ముతూ పేజీలు తిప్పాను. లువెండో పేరే లేదు. వరదలు లేవు, కలరా అసలే లేదు. దేశంలో ఆ ఏడాది ఎవరికీ విరేచనాలే కాలేదన్నట్టుంది ఆ పత్రిక. వదిలేసి వచ్చేద్దామనుకున్నాక దొరికింది. మొదటి పేజీలోనే, మీ పేరూ ఫోటోతో సహా! వారం తర్వాత మళ్లీ ఇంకొకటి. జాతీయ పత్రిక, మొదటి పేజీ, రెండుసార్లు. చర్చలో పెట్టగానే గాలి మారిపోయింది. ఒక్కొక్కరే వచ్చి "ఇది చాలు, ఉంచండి" అన్నారు. నిన్న తీర్పు చెప్పేశారు: పేజీ ఉంటుంది. నా మీద పెట్టిన విచారణ కూడా ఎత్తేశారు.

ఆ వార్త మంచిది కాదు, ముందే చెబుతున్నాను. అప్పట్లో మిమ్మల్ని కొన్నాళ్లు సస్పెండ్ చేశారటగా, ఆ సంగతి. ఆధారం దాని గురించే ఉంది కాబట్టి దాన్ని పేజీలో రాయక తప్పలేదు. నీళ్ల గొట్టాల వాక్యాలకు ఆధారం లేదని వాళ్లు తీసేశారు, మెల్లగా మళ్లీ చేరుస్తాను. పాతికేళ్ల కిందటి రాజకీయం, ఎవరు పట్టించుకుంటారు? ముఖ్యమైంది ఏమిటంటే ఇక మిమ్మల్ని ఎవరూ లేరనలేరు.

చిపాషాతో అచ్చుతీయించుకుని చూడండి. ఫోటోలో మెడ బాగానే ఉంది.

గర్వంతో,
మీ ముబాంగా

*

లువెండో
9 మార్చి, ఆదివారం

ముబాంగా,

చూశాను.

ఇవాళ చర్చి అయ్యాక చిపాషా కాగితం తెచ్చాడు. లొంబే గారికి చూపు లేదు కదా, "గట్టిగా చదవరా, అందరం వింటాం" అన్నాడు. అందరూ గుమ్మం బయట చుట్టూ మూగారు. వాడు తల వంచుకుని చదువుతుంటే నాకు మాటలు అందలేదు, వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. మొదట నవ్వారు. కటోంగో నా వీపు మీద చరిచింది. ఆ తర్వాత చిపాషా పెదాలు కదులుతూనే ఉన్నాయి, ముఖాలు మాత్రం ఒక్కొక్కటీ వాలిపోయాయి. లొంబే గారు చేతికర్ర కోసం తడుముకున్నాడు. అప్పుడు కాగితం లాక్కుని చదువుకున్నాను.

"కౌన్సిల్ గెస్ట్‌హౌస్‌ను అక్రమంగా స్వాధీనం చేసుకుని, తన సోదరుడి కుటుంబాన్ని, ఇతర బంధువులను అందులో ఉంచారన్న ఆరోపణపై పదవి నుంచి సస్పెండ్ అయ్యారు." పేరు, పుట్టిన ఏడాది, రాజకీయ నాయకురాలన్న ముక్క, ఇది. పేజీ మొత్తం ఇంతే.

ఇది నువ్వు రాసిన వాక్యమా, కొంగ రాసిందా? నువ్వే అని చిపాషా అంటున్నాడు. ఎవరు ఏది రాశారో అందులో కనపడుతుందట.

సరే, విను. నీకు చెప్పకూడదనుకున్నది చెబుతున్నాను.

ఆ ఏడాది ఆస్పత్రి నిండిపోయి గేటు మూసేశారు. గేటు బయట మట్టిలో పడి పోతున్నారు మనుషులు. గెస్ట్‌హౌస్ మాత్రం రాజధాని నుంచి పార్టీ పెద్దలు వస్తారని సున్నం వేయించి, తాళం వేసి ఉంచారు. ఆ తాళం నేనే పగలగొట్టించాను. గొడ్డలి తెచ్చింది లొంబే గారు. చాపలు పరిచాం. చీకటి పడేలోపే గదులు నిండిపోయాయి. తర్వాత మీ నాన్న మీ అమ్మను ఇటుకలు మోసే తోపుడుబండిలో వేసుకుని తోసుకుంటూ వచ్చాడు. ఆమె పొట్ట మీద నువ్వున్నావు, పాలు తాగే పిల్లవి. కిటికీ పక్క చాప ఖాళీ అయితే అక్కడ పడుకోబెట్టాను. మీ అమ్మ బతకలేదు. నిన్ను నా గుడ్డలో కట్టుకుని మిగతావాళ్లకి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు పట్టాను. అమ్మ ఆస్పత్రి మంచం మీద పోయిందని పిల్లకి చెప్దాం అక్కా, చాప మీద అని చెప్పొద్దు అని మీ నాన్న అడిగాడు. తను పోయేదాకా నా చేత ఆ మాట నిలబెట్టించుకున్నాడు.

కలరా అన్న మాట అచ్చులో రాకూడదని పైనుంచి చెప్పారట. కలరా లేనప్పుడు గెస్ట్‌హౌస్‌లో అంతమంది ఎందుకున్నట్టు? నా చుట్టాలు కాబట్టి. అలా రాశారు. "సోదరుడి కుటుంబం" అంటే మీ అమ్మ, నువ్వు. విచారణకొచ్చినాయన అన్నీ చూసి, తప్పేం లేదని నోటితో చెప్పి, నాకు కుర్చీ తిరిగిచ్చి వెళ్లాడు. అది రాయడానికి ఏ పత్రికవాడు వస్తాడు?

ఇక్కడివాళ్లు అందరూ కళ్లారా చూసినవాళ్లే. అయినా అచ్చులో చూసేసరికి ఒక్క క్షణం వాళ్ల ముఖాల్లో నాకు అది కనిపించింది. చిపాషా కుర్రవాడు, వాడికి తెలియదు. కాగితం మడిచి ఇస్తూ నా కళ్లలోకి చూడలేకపోయాడు.

తీసెయ్యి.

ఆస్ట్రిడా

*

లివింగ్‌స్టన్
28 మార్చి

అత్తయ్యా,

మీ ఉత్తరం లైబ్రరీలో చదివాను. పిల్లలు పుస్తకాలు తీసుకుని సంతకం పెట్టకుండానే వెళ్లిపోయారు.

కిటికీ పక్క చాప. ఇన్నేళ్లూ నేను తెల్ల దుప్పటి మంచం ఊహించుకున్నాను. మా అమ్మను దొంగతనంగా కాపురం పెట్టిన చుట్టమని నా చేత్తో రాశాను. దొరికిందన్న సంబరంలో "సోదరుడి కుటుంబం" అంటే ఎవరని ఒక్కసారి ఆగి ఆలోచించలేదు. మీకు తమ్ముడు ఒక్కడే కదా.

ఆ రోజే ఆ వాక్యం తీసేశాను. గంటలో తిరిగి పెట్టారు, ఆధారమున్న మాటను తీయకూడదట. మళ్లీ తీశాను. మళ్లీ పెట్టి, ఇంకోసారి చేస్తే పేజీ ముట్టుకోనివ్వమన్నారు. అప్పుడు నిజం చెప్పాను, నేను ఆవిడ మేనకోడల్ని, ఆ కుటుంబం నేనే అని. అదే కొంప ముంచింది. బంధువులు బంధువుల గురించి రాయకూడదు. ఇక నాకు ఆ పేజీలో కామా మార్చే హక్కు కూడా లేదు. మీ ఉత్తరం చూపిస్తానన్నాను. ఉత్తరం ఆధారం కాదు. లొంబే గారి చేత సాక్ష్యం రాయిస్తానన్నాను. ఆయన ముసుగు మనిషి కదా, ముందే కొట్టేశారు.

పేజీయే వద్దు, మొత్తం తీసేయండని అర్జీ పెట్టాను. అందరిలో నా వైపు మాట్లాడింది ఒక్క ఏటికొంగ. "నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. ఒక మనిషి జీవితం మొత్తం మీద ఒకే ఒక్క వార్త దొరికితే, దానితో పేజీ కట్టడం ఆ మనిషికి అన్యాయం" అని పొడుగ్గా రాశాడు. నాకు విడిగా క్షమాపణ కూడా చెప్పాడు. ఎవరూ వినలేదు. రెండుసార్లు మొదటి పేజీకెక్కిన మేయరు చిన్న మేయరు కాదు, ఈ నెల మొదట్లోనే తేల్చిన విషయం మళ్లీ తవ్వొద్దు అన్నారు. ఆ తేల్చడానికి వాదించింది నేనే. నా మాటలే నాకు చూపించారు.

కలరా గురించి ఇంకెక్కడైనా అచ్చయిందేమోనని వెతుకుతూనే ఉన్నాను. దొరకలేదు.

నాతో మాట్లాడటం మానేయకండి.

ముబాంగా

*

లువెండో
2 మే

ముబాంగా తల్లీ,

మానేయలేదు. జ్వరమొచ్చి పడుకున్నాను, చేతికి పట్టు లేదు. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

చేపల బజారు తీర్మానం వీగిపోయింది. ఆ టై కుర్రాడు స్వయంగా వచ్చి చెప్పాడు, మంచివాడే. కొత్త కౌన్సిలర్లలో ఎవరో సభలో ఫోను తీసి పేజీ చదివి వినిపించారట. "ప్రపంచమంతా చదివే చోట ఇలా ఉంటే, రేపు మన మీద కూడా రాస్తారు" అన్నారట. కుర్రాడు నా తరఫున మాట్లాడాడట. "అమ్మా, వ్యతిరేకంగా ఒక్క కాగితం చూపించు, మళ్లీ పెట్టిస్తాను" అన్నాడు. నా దగ్గర బైబిలు తప్ప కాగితం లేదు కదా. బజారుకి బజారు అనే పేరు ఉండిపోయింది.

కటోంగోకి నీ మీద కోపం. నువ్వే పత్రికవాళ్లకి చెప్పి కొత్తగా రాయించావని ఆవిడ ఉద్దేశం. అది పాతికేళ్ల కిందటి కాగితమని ఎంత చెప్పినా వినదు. "అప్పుడు ఎవరూ చదవలేదుగా, ఇప్పుడెందుకు చదివించింది?" అంటుంది. లొంబే గారు ఏప్రిల్ చివర్లో పోయారు. గొడ్డలి తెచ్చింది నేనేనని ఆఖరిదాకా వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. వచ్చినవాళ్లు తలూపారు. ముసలాయన కదా, ఏదో అంటాడులే అన్నట్టు ఊపారు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను, తిట్లు రాలేదు. నాకోసమే చేశావు. నేను కూడా ఆ మెట్ల మీద ముంకోయో తాగుతూ సంబరపడ్డదాన్నే. పేజీ లేకుండా ఇరవై ఏళ్లు బాగానే బతికాను. ఊళ్లో కొందరు మేయరమ్మ అనేవాళ్లు, కొందరికి తెలియదు. అది చాలని నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ కొంగ చివరికి మన వైపు నిలబడ్డాడన్నావు. చేప వంశమేనని చెప్పానా? పైకి ఎంత అన్నా కష్టంలో శవం మోసేది ఆ వరసవాళ్లే. నా దండాలు చెప్పు.

ఇంక ఆ పేజీ తెరవకు. వెతకడం ఆపు. పెళ్లి చేసుకో.

నీ అత్త

*

లివింగ్‌స్టన్
18 జులై, శుక్రవారం

అత్తయ్యా,

పోయిన నెల రాసిన ఉత్తరానికి మీ జవాబు రాలేదు. జ్వరం తగ్గలేదేమో, సాయంత్రం బస్సుకి మందులు పంపుదామని ఇవాళ పొద్దున ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మీరు వద్దన్నా ఆ పేజీ రోజూ తెరుస్తున్నాను. ఎవరైనా ఇంకేమైనా చేర్చారేమోనని భయం. ఇవాళ తెరిస్తే మీరు పుట్టిన ఏడాది పక్కన ఒక చిన్న గీత, దాని పక్కన ఈ ఏడాది. కింద "17 జులై 2014న లువెండోలో మరణించారు" అని ఒక వాక్యం. పై లైనులో "రాజకీయ నాయకురాలు" కాస్తా "ఒకప్పటి రాజకీయ నాయకురాలు" అయింది. ఎవడో పిచ్చివాడు ఆకతాయితనం చేశాడనుకున్నాను. తీసేయబోయాను. నాకు తీసే హక్కు లేదని గుర్తొచ్చింది.

చిపాషాకి ఫోన్ చేశాను. ఎత్తగానే ఏడ్చాడు.

నిన్న ఉదయం గిన్నెలో ఎన్‌షిమా ముద్ద తినకుండా అలాగే ఉందట, మీరు గుమ్మంలో ఎండకి కూర్చుని ఉన్నారట. కటోంగో గారు చూసి పలకరించారట. మీకు వినపడదు కదా అని కాసేపు ఏమీ అనుకోలేదట. నాకు ఫోన్ చేయడానికి చిపాషాకి నోరు రాలేదు. కొట్టులో ఒక్కడే కూర్చుని ఏం చేయాలో తోచక, ఎవరికో ఒకరికి చెప్పాలనిపించి అందులో రాశాడట. "తప్పు చేశానా అక్కా? తీసేయమంటావా?" అని అడిగాడు. వద్దన్నాను.

మందులు బల్ల మీదే ఉన్నాయి. సాయంత్రం బస్సులో నేనే వస్తున్నాను, మిగతాది ఇందులోనే కూర్చుని రాస్తున్నాను. డ్రైవరు నా చేతిలో కవరు చూసి, ఎప్పట్లాగే చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. ఎవరికివ్వమని చెప్పను?

బస్సు వేళయ్యేదాకా లైబ్రరీ కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. మీరు నీళ్లు తెచ్చారంటే ఆధారం అడిగారు. మా అమ్మ ఆ చాప మీద పోయిందంటే ఆధారం అడిగారు. చిపాషా రాసిన ఆ వాక్యం పక్కన ఏ పత్రిక పేరూ లేదు, ఏ తేదీ ముద్రా లేదు. నలుగురైదుగురు వచ్చి చూసినట్టు, ఒకరు అక్షరదోషం కూడా దిద్దినట్టు కనిపించింది.

దానికి మాత్రం ఎవరూ ఆధారం అడగలేదు.

మీ ముబాంగా